ఒత్తు పడని ఎల్లారెడ్డి

కంప్యూటరులో తెలుగును ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైపు చేసేవారికి ఎడమచేతి మధ్యవేలి కింద ఒక కీ ఉంటుంది. ఇంగ్లిషులో 'డి' అక్షరాన్ని ఇచ్చే ఆ కీ, షిఫ్టు లేకుండా నొక్కితే, తెలుగులో సొంతంగా ఏ అక్షరాన్నీ ఇవ్వదు. ముందున్న హల్లుకు పొల్లు పెట్టి, తరువాత వచ్చే హల్లును దాని కింద ఒత్తుగా చేర్చడమే దాని పని. ఈ పద్ధతిలో 'కామారెడ్డి' అని రాయడానికి పదిసార్లు కీలు నొక్కాలి, అందులో ఒక నొక్కు ఈ కీ మీద పడుతుంది. 'ఎల్లారెడ్డి'కి, షిఫ్టును లెక్కించకపోతే, పదకొండు నొక్కులు కావాలి, అందులో రెండు దీనివే. ఈ ఒక్క కీ మొరాయిస్తే మొదటి ఊరు 'కామారెడడి' అవుతుంది, రెండవది 'ఎలలారెడడి' అవుతుంది. మిగతా వంద కీలూ చక్కగా పనిచేస్తున్నప్పుడు, పైకి చూస్తే ఏ తేడా కనిపించని ఈ ఒక్కటే ఎందుకు మూగబోతుందన్నది కీబోర్డు వాడే ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న.

నిజామాబాద్ జిల్లా నుంచి విడివడి 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఎల్లారెడ్డి ఆ జిల్లాలో ఒక రెవెన్యూ డివిజన్ కేంద్రం. తహసీల్దారు కార్యాలయంలో తయారయ్యే ధ్రువపత్రం మొదలుకొని మీసేవలో నింపే దరఖాస్తు, డీటీపీ కేంద్రంలో కూర్చే పెళ్లిపత్రిక దాకా ఈ రెండు పేర్లలో ఏదో ఒకటి పడని కాగితం అక్కడ అరుదు. అటువంటి చోట ఒక కీ ఆగిందంటే సాధారణంగా వినిపించే మాట 'కీబోర్డు పోయింది' అన్నదొక్కటే. అయితే వేలి నుంచి తెరకు చేరేలోగా ఒక నొక్కు నాలుగైదు మజిలీలు దాటుతుంది. వాటిలో ఎక్కడ ఆగినా తెరమీద కనిపించే ఫలితం ఒకటే కాబట్టి, ఆగిన చోటు తెలియకుండా కొత్త కీబోర్డు కొనడమూ, ఉన్నదాన్ని విప్పడమూ రెండూ తొందరపాటే అవుతాయి.

కీ కింద ఏముంది?

కార్యాలయాల్లో కనిపించే చవకరకం కీబోర్డుల్లో అత్యధికం పొరల కీబోర్డులు. ప్లాస్టిక్ పెంకు విప్పితే లోపల పారదర్శకమైన మూడు పాలిస్టర్ పొరలు ఒకదానిపై ఒకటి పరిచి ఉంటాయి. పై పొర అడుగుభాగాన, కింది పొర పైభాగాన వెండి లేదా కార్బన్ కలిపిన సిరాతో సన్నని గీతలు అచ్చువేసి ఉంటాయి. విద్యుత్తు ప్రవహించే దారులు ఇవే. నడుమనున్న పొరకు గీతలు ఉండవు, ప్రతి కీ కింద ఒక గుండ్రని రంధ్రం మాత్రం ఉంటుంది. ఈ మూడింటి మీద, ఒక్కో కీకి ఒక్కటి చొప్పున, మెత్తని రబ్బరు గుబ్బలు నిలబడి ఉంటాయి.

కీ నొక్కగానే గుబ్బ ఒక్కసారిగా కుంగుతుంది, దాని మొన పై పొరను రంధ్రంలోకి వంచుతుంది, పై గీత కింది గీతను తాకుతుంది, ఆ క్షణాన విద్యుద్వలయం పూర్తవుతుంది. వేలు తీయగానే గుబ్బ పైకి లేస్తుంది, గీతలు విడిపోతాయి. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది: కీ 'పడింది' అని వేలికి తెలిపేది రబ్బరు కుంగుబాటు మాత్రమే, విద్యుత్ స్పర్శ కాదు. ఈ రెండింటికీ ప్రత్యక్ష సంబంధం లేదు కనుకనే, కీ కొత్తదానిలా చక్కగా లోపలికి వెళ్లి పైకి వస్తున్నా తెరపై అక్షరం పడకపోవచ్చు. అలాగే కీ బరువెక్కి, మెల్లగా లేస్తున్నా అక్షరం పడుతూనే ఉండవచ్చు.

రబ్బరు గుబ్బ సాధారణంగా యాభై లక్షల నుంచి కోటి నొక్కుల దాకా తట్టుకుంటుంది. ఖరీదైన మెకానికల్ కీబోర్డుల్లో ప్రతి కీకి సొంత స్ప్రింగు, సొంత లోహపు స్విచ్చు ఉంటాయి కాబట్టి వాటి ఆయుష్షును తయారీదారులు అయిదు కోట్ల నొక్కులని, అంతకుమించి అని చెబుతారు. ల్యాప్‌టాప్‌లలో ఎత్తు తగ్గించడానికి గుబ్బను చిన్నదిగా చేసి, కీ వంకరపోకుండా దానికి కత్తెర ఆకారపు రెండు ప్లాస్టిక్ క్లిప్పులను చేరుస్తారు; ల్యాప్‌టాప్ కీ ఊడిందంటే చాలావరకు విరిగింది ఈ క్లిప్పే.

నూట నాలుగు కీలు, ఇరవై ఆరు తీగలు

పూర్తిస్థాయి కీబోర్డులో 104 కీలుంటాయి. ప్రతి కీకి విడివిడిగా తీగ లాగితే వందకు పైగా తీగలు కావాలి. ఆ ఖర్చు, ఆ చిక్కు తప్పించుకోవడానికి తయారీదారులు కీలను అడ్డవరుసలు, నిలువువరుసలుగా అమర్చుతారు. ఉదాహరణకు 8 అడ్డగీతలు, 18 నిలువుగీతలు ఉన్నాయనుకుంటే అవి 144 చోట్ల కలుస్తాయి. 104 కీలకు ఆ కూడళ్లు సరిపోయి మిగులుతాయి, తీగలు మాత్రం 26 చాలు. కీబోర్డులోనే ఉండే ఒక చిన్న చిప్పు ఒక్కో గీతను వరుసగా పరీక్షిస్తూ, ఎక్కడ స్పర్శ జరిగిందో సెకనుకు కొన్ని వందలసార్లు వెదుకుతూ ఉంటుంది. మూడవ అడ్డగీతకు, అయిదవ నిలువుగీతకు మధ్య స్పర్శ కనబడితే అది ఏ కీయో తన పట్టికలో చూసుకొని, ఆ కీ సంఖ్యను మాత్రమే కంప్యూటరుకు పంపుతుంది. 'పొల్లు' అన్న సంగతి గాని, 'డి' అన్న సంగతి గాని కీబోర్డుకు తెలియదు. ఆ సంఖ్యకు ఏ అక్షరం ఇవ్వాలో నిర్ణయించేది కంప్యూటరులోని ఆపరేటింగ్ సిస్టమ్.

ఈ అమరిక అర్థమైతే రోగనిర్ధారణ సగం పూర్తయినట్టే. పోచారం జలాశయం కింద ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల్లో సాగుచేసే రైతు తన మడి ఒక్కటే ఎండితే తన తూము దగ్గర చూస్తాడు, తన వరుసలోని పొలాలన్నీ ఎండితే పిల్లకాలువ వెంట నడుస్తాడు, ఆయకట్టు మొత్తం ఎండితే జలాశయం గేటు సంగతి అడుగుతాడు. ఎండిన విస్తీర్ణాన్ని బట్టే అడ్డు ఎక్కడ పడిందో అతనికి తెలుస్తుంది. కీబోర్డులోనూ అంతే. ఒక్క కీ ఆగితే లోపం ఆ కూడలి దగ్గర, అంటే గుబ్బలోనో, రంధ్రంలోనో, ఆ కీ కిందనున్న గీతల స్పర్శలోనో ఉంటుంది. పరస్పరం సంబంధం లేనట్టు కనిపించే నాలుగైదు కీలు ఒకేసారి ఆగితే, అవి ఒకే గీత మీద ఉన్నాయని, ఆ గీత ఎక్కడో తెగిందని, లేదా గీతలన్నీ చిప్పుకు చేరే చోట పట్టు వదులైందని అనుకోవాలి. ఏ కీ ఏ గీత మీద ఉందన్నది తయారీదారుని బట్టి మారుతుంది కనుక, ఆగిన కీలు పక్కపక్కనే ఉండాలన్న నియమం లేదు. అన్నీ ఒక్కసారిగా ఆగితే కేబుల్, యూఎస్‌బీ రంధ్రం, వైర్‌లెస్ కీబోర్డయితే బ్యాటరీ, వీటిని మొదట చూడాలి. అప్పటికి కీల జోలికి పోనక్కరలేదు.

కీ అసలు పనిచేయకపోవడం కంటే అప్పుడప్పుడు పనిచేయడం ఎక్కువ చికాకు పెడుతుంది, కాని నిర్ధారణకు అది ఎక్కువ సాయపడుతుంది. గట్టిగా నొక్కితేనే పడుతున్నదంటే రంధ్రంలో దుమ్ము చేరిందనో, గుబ్బ మొన అరిగిందనో అర్థం. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతున్నదంటే అది మరో కథ. ఏ స్విచ్చులోనైనా రెండు తలాలు తాకిన తొలి క్షణాల్లో స్పర్శ కుదురుకోక, కొన్ని మిల్లీసెకన్లపాటు కలుస్తూ విడిపోతూ ఉంటుంది. దాన్ని అనేక నొక్కులుగా లెక్కించకుండా చిప్పు కొద్దిసేపు ఆగి చూస్తుంది. స్విచ్చు పాతబడి ఈ చాంచల్యం ఆ గడువును దాటితే ఒక నొక్కు రెండవుతుంది. పొల్లు కీ విషయంలో ఇది తెరమీద విచిత్రంగా కనిపిస్తుంది: మొదటి పొల్లు సరిగ్గానే పడుతుంది, రెండవదానికి ఆనుకోవడానికి హల్లు దొరకక అనేక ప్రోగ్రాముల్లో చుక్కల వలయంతో విడిగా నిలబడుతుంది. ఆ వలయాన్ని చూసి ఫాంటు చెడిపోయిందనుకోవడం సాధారణమైన పొరపాటు.

బెల్లం చాయ్ చేసే పని

కీబోర్డులకు ప్రధాన శత్రువులు దుమ్ము, తేమ, తీపి. వడ్ల కోతలు, మిల్లింగు జోరుగా సాగే కాలంలో గాలిలో ఎగిరే సన్నని నూగు, తౌడు కీల సందుల్లోకి సులువుగా దిగుతాయి. అయినా దుమ్ము పొడిగా ఉన్నంతకాలం దులిపితే పోతుంది. తీపి అలా కాదు. బెల్లం వ్యాపారానికి పేరున్న కామారెడ్డిలో ఈ సంగతిని కొంచెం వివరంగా చూడడం ఉచితం.

చాయ్ ఒలికినప్పుడు నీరు కొన్ని గంటల్లో ఆవిరవుతుంది, దానిలో కరిగినవన్నీ మిగిలిపోతాయి. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు పల్చని జిగట పొరగా అంటుకుంటాయి. చక్కెరలో ఉండేది దాదాపు పూర్తిగా సుక్రోజు. బెల్లంలో సుక్రోజుతోపాటు గ్లూకోజు, ఫ్రక్టోజులూ, కొన్ని ఖనిజ లవణాలూ ఉంటాయి. ఫ్రక్టోజుకు గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం చాలా ఎక్కువ. వానాకాలంలో బెల్లం దిమ్మ చెమర్చి మెత్తబడడానికి ముఖ్య కారణం ఇదే. కీబోర్డు లోపలి బెల్లం పొర కూడా అదే పని చేస్తుంది: వేసవిలో గట్టిపడి స్పర్శకు అడ్డుగోడ అవుతుంది, జూలై వచ్చేసరికి నీరు పీల్చి మెత్తబడుతుంది. పొడిగా ఉన్నప్పుడు అది కీని పనిచేయనివ్వదు. తడిగా ఉన్నప్పుడు అందులోని లవణాలు విద్యుత్తును ప్రవహింపజేస్తాయి కనుక ఎవరూ నొక్కకుండానే కీ నొక్కినట్టు సంకేతం పోతుంది. ఎండాకాలంలో మూగబోయిన కీ వానాకాలంలో తనంతట తానే అక్షరాలు కొట్టడం వెనుక మాయ ఏమీ లేదు.

అంతకన్నా నెమ్మదిగా, అంతకన్నా లోతుగా జరిగే నష్టం మరొకటుంది. వెండి సిరా వాడిన కీబోర్డుల్లో ఇది జరుగుతుంది. తేమ పొరలో, కొద్దిపాటి వోల్టేజీ ఉన్నా సరే, వెండి పరమాణువులు విద్యుదావేశం పొంది ఒక గీతను వదిలి పక్క గీత వైపు ప్రయాణిస్తాయి. ఫలితంగా ఒకచోట గీత సన్నబడి చివరకు తెగుతుంది, మరోచోట కొమ్మలు వేసిన సన్నని వెండి పోగు పెరిగి రెండు గీతలను కలుపుతుంది. ఒలికిన నాడు బాగానే పనిచేసిన కీబోర్డు నెలల తరువాత ఉన్నట్టుండి చెడిపోవడానికి ఇదొక కారణం. చాయ్‌ని తుడిచేసి 'ఏమీ కాలేదు' అని ఊరుకోవడం అందుకే సరికాదు.

చాయ్ ఒలికిన తొలి నిమిషాలు (బాక్సు)

డెస్క్‌టాప్ కీబోర్డయితే కేబుల్ ఊడదీసి వెంటనే బోర్లించాలి. ల్యాప్‌టాప్ అయితే పవర్ బటన్‌ను కొన్ని సెకన్లపాటు అదిమిపట్టి ఆపివేసి, చార్జర్ తీసి, తెర తెరిచి ఉంచి, కీలు నేలను చూసేలా బోర్లించాలి. బ్యాటరీ బయటకు వచ్చే రకమైతే దాన్నీ తీయాలి. డెస్క్‌టాప్ కీబోర్డు మీద తీపి పానీయం పడితే, పెంకు విప్పి చిప్పు ఉన్న పలకను వేరుచేసి, పొరలను బ్యాటరీ దుకాణాల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో మెల్లగా తుడిచి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. చక్కెర నీటిలో కరిగినంతగా ఆల్కహాలులో కరగదు కాబట్టి తీపికి మొదట నీరే వాడాలి. జిడ్డుకు, చివరగా తేమ తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనికివస్తుంది. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో జెల్, గ్లిజరిన్ ఉంటాయి కనుక అది వద్దు. హెయిర్ డ్రయ్యర్ వేడికి పాలిస్టర్ పొరలు ముడుచుకుంటాయి. తడిసిన యంత్రాన్ని బియ్యంలో పెట్టడం బాగా ప్రచారంలో ఉన్న చిట్కా. బియ్యం లోపలి తేమను లాగదు సరికదా, దాని పిండి కొంత కీల సందుల్లో చేరుతుంది.

కీబోర్డు తప్పు లేని సందర్భాలు

కీ పడడం లేదన్న ఫిర్యాదుల్లో గణనీయమైన భాగానికి కీబోర్డుతో సంబంధమే ఉండదు. దీన్ని తేల్చుకోవడానికి తొలి మెట్టు భాషను ఇంగ్లిషుకు మార్చి అదే కీని నొక్కి చూడడం. ఇంగ్లిషులో 'డి' పడి, తెలుగులో పొల్లు పడకపోతే లోపం అమరికలో ఉన్నట్టు. ఇన్‌స్క్రిప్ట్‌కు బదులు ఉచ్చారణను అనుసరించే ఫొనెటిక్ అమరిక ఎంపికై ఉంటే ఆ కీ పొల్లును ఇవ్వదు, ద-డ కుటుంబపు అక్షరాన్ని ఇస్తుంది. అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ కేంద్రాల్లో వాటి కీబోర్డు మేనేజర్ ఆగిపోయి ఉంటే సరైన తెలుగు బదులు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. రెండు భాషల్లోనూ కీ పడకపోతే తెరమీది కీబోర్డును తెరవాలి. విండోస్‌లో విండోస్ కీ, కంట్రోల్, 'ఓ' మూడూ కలిపి నొక్కితే అది వస్తుంది. అందులో ఆ కీ మీద మౌస్‌తో నొక్కినప్పుడు అక్షరం పడితే అమరిక సరిగా ఉన్నట్టే, అనుమానం కీబోర్డు మీదికి మళ్లించవచ్చు.

అయినా అప్పుడే మళ్లించకుండా రెండు మూడు సెట్టింగులు చూడాలి. చేతులు వణికేవారికి సాయంగా విండోస్‌లో ఫిల్టర్ కీస్ అనే ఏర్పాటు ఉంది. అది పనిచేస్తున్నప్పుడు చురుకైన, పొట్టి నొక్కులను కంప్యూటరు లెక్కచేయదు. కుడివైపు షిఫ్టును ఎనిమిది సెకన్లపాటు అదిమిపడితే దాన్ని ప్రారంభించమంటారా అన్న ప్రశ్న తెరపైకి వస్తుంది, ఏమరుపాటున ఎంటర్ నొక్కితే చాలు, ప్రారంభమైపోతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, మహాప్రాణాలైన ఖ, ఘ వంటివి, ఇంకా అనేక అక్షరాలు షిఫ్టుతోనే వస్తాయి. దస్తావేజు చదువుతూ చిటికెన వేలిని ఆ కీ మీద ఆనించి ఉంచేవారికి ఈ ఉచ్చు దగ్గరలోనే ఉంటుంది. వెంటనే తెలుసుకోవడం కష్టం, ఎందుకంటే మెల్లగా నొక్కి పరీక్షిస్తే కీలన్నీ బాగానే పనిచేస్తాయి. వేగంగా టైపు చేసినప్పుడే అక్షరాలు పోతాయి.

విడిగా అంకెల కీలు లేని కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ పడితే 'జె', 'కె', 'ఎల్', 'యు', 'ఐ', 'ఓ', 'ఎం' కీలు అంకెలుగా మారిపోతాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో వాటి చోట ఉండేవి వరుసగా ర, క, త, హ, గ, ద, స. అప్పుడు 'కామారెడ్డి'లో 'క' స్థానంలో 2, 'ర' స్థానంలో 1 పడతాయి. 'ఎల్లారెడ్డి'లో 'ర' ఒక్కటే అంకెగా మారుతుంది. ఒకే వైపు కొన్ని అక్షరాలు మాత్రమే అంకెలయ్యాయంటే మరో పరీక్ష అనవసరం.

మూడు కీలను ఒకేసారి నొక్కినప్పుడు మాత్రమే ఒకటి పడకపోవడం కూడా లోపం కాదు, గీతల అమరికకు సహజమైన పరిమితి. రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు కలిసే నాలుగు మూలల్లో మూడింటిని నొక్కితే, విద్యుత్తు చుట్టుదారిలో నాలుగవ మూలకూ చేరి, దాన్ని కూడా నొక్కినట్టు భ్రమ కలిగిస్తుంది. ఆ దొంగ అక్షరం పడకుండా చవక కీబోర్డుల చిప్పు అటువంటి సందర్భంలో మూడవ కీనే పట్టించుకోదు. వేగంగా రాసేటప్పుడు వేళ్లు ఒకదానిపై ఒకటి పడితే అప్పుడప్పుడు అక్షరం జారిపోవడానికి కారణం ఇదీ కావచ్చు.

విప్పాలా, వద్దా?

విండోస్ లోడ్ కాకముందే తెరుచుకునే బయోస్ తెరలో కీ పనిచేస్తుందో లేదో చూడడం, మరో యూఎస్‌బీ కీబోర్డు తగిలించి చూడడం అనే రెండు పరీక్షలతో సందేహం తీరిపోతుంది. బయోస్‌లో కూడా కీ పలకకపోతే, బయటి కీబోర్డు మాత్రం బాగా పనిచేస్తే, లోపం భౌతికమైనదే.

డెస్క్‌టాప్ కీబోర్డును విప్పడం కష్టం కాదు. వెనుక స్క్రూలు తీస్తే పొరలు విడివడతాయి. గుబ్బ చినిగితే, అరుదుగా వాడే స్క్రోల్ లాక్ కీ కింది గుబ్బను తెచ్చి పెట్టవచ్చు, పాత మెకానిక్కులు చేసేది ఇదే. గీత తెగిందేమో మల్టీమీటరుతో రెండు కొనలూ తాకించి తెలుసుకోవచ్చు. తెగితే వెండి కలిపిన వాహక రంగును పూసి, పూర్తిగా ఆరాక మళ్లీ పరీక్షించాలి. టంకం పెట్టాలనుకోవడం వృథా, ఆ వేడికి పాలిస్టర్ కరిగిపోతుంది. ల్యాప్‌టాప్ సంగతి వేరు. చాలా మోడళ్లలో కీబోర్డు పై మూతకు కరిగించిన ప్లాస్టిక్ మేకులతో శాశ్వతంగా బిగించి ఉంటుంది, పొరలు విడదీయడానికి వీలుండదు. పట్టీ కేబుల్ వదులైతే బిగించడం, కీ టోపీ తీసి కింద శుభ్రం చేయడం వరకే మరమ్మతు, ఆపైన కీబోర్డు మార్చవలసిందే. కొత్తది వచ్చేలోగా పని ఆగకుండా చూసే దారి మాత్రం ఒకటుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని కీబోర్డు మేనేజర్‌తో, పెద్దగా వాడని మరో కీకి చచ్చిన కీ సంఖ్యను అప్పగించవచ్చు. మార్పు జరిగేది అక్షరం స్థాయిలో కాదు, కీ సంఖ్య స్థాయిలో. అందువల్ల ఆ కొత్త కీ ఇంగ్లిషులో 'డి'ని, తెలుగులో పొల్లును రెండింటినీ ఇస్తుంది. అయితే ఈ ప్రోగ్రాము విండోస్‌లోకి ప్రవేశించిన తరువాతే పనిచేస్తుంది కనుక, పాస్‌వర్డ్‌లో ఆ అక్షరం ఉన్నవారు లాగిన్ తెర మూలనున్న సౌలభ్యాల గుర్తు నొక్కి తెరమీది కీబోర్డుతోనే దాన్ని ఇవ్వవలసి ఉంటుంది.